రెక్క లోపలి మనిషి

పొద్దున్నే బస్టాపులో ఆగి ఉన్న బస్సు పక్కనుంచి నడిచేటప్పుడు అందరూ పిచ్చుక అని పిలిచే ఆమె తన ఎడమచేతి బొటనవేలిని బస్సు రేకు మీద ఆనిస్తుంది. వరసగా రేకును బిగించి ఉన్న రివెట్ల తలలను ఒక్కొక్కటే తడుముకుంటూ ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా వెళుతుంది. ఎక్కడైనా ఒక తల కాస్త లేచి ఉంటే వేలు అక్కడ ఆగుతుంది. ఆమె పెదవి విరుస్తుంది. మళ్లీ కదులుతుంది. బస్సు మాత్రం ఎక్కదు. ఆమె వెళ్లేది ఆ పక్క వీధిలోని దర్జీ కొట్టు తలుపులు తీయడానికి.

"ఏంటమ్మా, బస్సుకి నాడి చూస్తున్నావా? బతుకుతుందంటావా?" అని కండక్టరు రోజూ అడుగుతాడు.

"ఇంకో వానాకాలం లాగుతుందిలే. వెనక చక్రం పైన మాత్రం నీళ్లు దిగుతున్నాయి. మీవాళ్లకి చెప్పు," అంటుంది ఆమె.

కండక్టరు నవ్వుతాడు. గిన్నెల కొట్టాయన నవ్వడు. పిచ్చుక కొట్లోకి అడుగుపెట్టిందంటే ఆయనకు గుండె దడ. గిన్నె చేతిలోకి తీసుకోగానే దాని చెవి దగ్గర వేలు పెట్టి, "ఇది ఊడుతుంది," అని నలుగురి ముందూ పైకే అనేస్తుంది. "తల్లీ, నువ్వు కొనకపోయినా పర్లేదు, నోరు తెరవకుండా వెళ్లిపో," అని ఆయన బతిమాలుకుంటాడు.

ఆ తడిమే అలవాటు ఆమెకు విమానాల ఫ్యాక్టరీలో అబ్బింది.

పిచ్చుక బడికి వెళ్లే రోజుల్లో ఈ ఊళ్లో రెండే రెండు పనులుండేవి. ఒకటి ఇటుకల బట్టీ, రెండోది రైలు గోదాములో మూటలు మోయడం. ఆ రెండూ చేతకానివాళ్లు అరుగుల మీద కూర్చుని, చేస్తున్నవాళ్లకి సలహాలు చెప్పేవాళ్లు. అలాంటి ఊరి చివర ఒక ఏడాది, పొడవాటి షెడ్లు లేచాయి. అందులో విమానాల రెక్కలు చేస్తారని తెలిసినప్పుడు మంగలి కొట్లో పెద్ద చర్చే జరిగింది.

"రెక్కలేనా? మిగతా విమానం ఎవరు చేస్తారు?" అని మంగలి అడిగాడు.

"మిగతాది ఇంకెక్కడో చేస్తారట. మనవి తీసుకెళ్లి దానికి తగిలిస్తారు."

"అంటే మనం రెక్కలు చెయ్యకపోతే అది ఎగరదన్నమాట," అని మంగలి తేల్చేశాడు. ఆనాటి నుంచి ఊళ్లోవాళ్లందరికీ అదే మాట. తల మీదుగా ఏ విమానం వెళ్లినా, అది ఏ దేశందైనా, ఎవరిదైనా సరే, "మనదే పోతోంది" అనుకునేవాళ్లు.

ఉద్యోగాలకు మనుషుల్ని తీసుకున్న రోజు పిచ్చుక తన వదినతో కలిసి వెళ్లింది. వదిన అంటే ఆమె అన్న భార్య. భారీ మనిషి, భారీ గొంతు. అన్న సైకిలు తొక్కుతుంటే వెనక కూర్చోవడానికి ఆమే మొహమాటపడేది, "మీ అన్నయ్య బక్కప్రాణం, దారిలో ఏమైనా అయితే నన్నంటారు," అని.

ఫ్యాక్టరీ ఆవరణలో ఒక చెక్కపలక నిలబెట్టి ఉంది. దానికి కోడిగుడ్డు ఆకారంలో ఒక కంత. రెక్క అడుగున కూడా సరిగ్గా అంతే కంత ఉంటుందట. చేతిలో ఉక్కు దిమ్మ పట్టుకుని అందులోంచి దూరగలిగినవాళ్లకు లోపలి పని. పిచ్చుక గదిలోంచి వరండాలోకి వచ్చినంత తేలిగ్గా ఇటు దూరి అటు తేలింది. సూపర్‌వైజరు కళ్లద్దాలు సర్దుకుని, "పిచ్చుకలా ఉందే ఈ పిల్ల!" అన్నాడు. అంతే, గుర్తింపు కార్డు మీది పేరు ఆ కార్డుకే మిగిలిపోయింది.

వదిన భుజాల దగ్గర ఇరుక్కుపోయింది. అటు సగం, ఇటు సగం. ఇద్దరు మనుషులు లాగాల్సి వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వు ఆపుకోలేక చస్తుంటే, ఆమె పలకలో ఉండగానే తలెత్తి, "ఇంతసేపు లాగారుగా, ఏదో ఒక ఉద్యోగం ఇవ్వకుండా పంపిస్తే ఊరుకోను," అంది సూపర్‌వైజరుతో. ఆమెకు గన్ను ఇచ్చారు. గాలి ఒత్తిడితో టకటకమని కొట్టే రివెట్ల గన్ను అది. మొదటిసారి పట్టుకున్నప్పుడు ఎవరైనా ఉలిక్కిపడతారు. వదిన ఉలిక్కిపడలేదు. "మా ఇంట్లో కుట్టుమిషన్ ఇంతకంటే గోల చేస్తుంది," అంది.

ఆ పనికి ఇద్దరు కావాలి. రెక్క రేకుకి బయట ఒకరు, లోపల ఒకరు. బయటి మనిషి రివెట్టుని రంధ్రంలో పెట్టి గన్నుతో కొడుతుంది. లోపలి మనిషి ఆ రివెట్టు తోక మీద ఉక్కు దిమ్మను అదిమిపట్టి ఉంచుతుంది. బయటి దెబ్బకూ లోపలి దిమ్మకూ మధ్య నలిగి తోక గుండీలా పరుచుకుంటుంది. రేకు అటున్న మనిషి ఇటున్న మనిషికి కనబడదు. షెడ్డు నిండా అవే గన్నులు మోగుతుంటే అరిచినా వినబడదు. అందుకని దిమ్మతో తట్టడమే వాళ్ల భాష. లోపలి మనిషి ఒకసారి తడితే ఇంకా కొట్టమని. రెండుసార్లు తడితే చాలు, బాగుందని. మూడుసార్లు తడితే పాడైంది, తీసెయ్యమని. తట్టే హక్కు లోపలి మనిషిది. తోక కనబడేది ఆమెకే కనుక. బయటి మనిషి ఎంత పెద్దదైనా, ఎంత నోరున్నదైనా, ఆ తట్టుకి లోబడాల్సిందే.

"ఇంట్లో నా మాట వినవు, ఇక్కడ మాత్రం నేను నీ మాట వినాలి! ఏం లోకమో!" అనేది వదిన.

నిజానికి ఇంట్లో ఇద్దరికీ క్షణం పడేది కాదు. పిచ్చుక పెళ్లయ్యాక రెండు కుటుంబాలూ పక్కపక్క ఇళ్లలో చేరాయి. ఇళ్ల మధ్య ఒకే గోడ, పెరట్లో ఇద్దరికీ ఒకే కొళాయి. బట్టలారేసే తీగ మీద ఎవరి చోటు ఎంత అన్న దాని గురించి వారాల తరబడి మాటలుండేవి కావు. అలాంటి రోజుల్లో కూడా పొద్దున్నే ఒకరి వెనక ఒకరు ఫ్యాక్టరీకి నడిచేవాళ్లు. పిచ్చుక కంతలోంచి రెక్కలోకి దూరి, పక్కటెముకల్లాంటి అడ్డరేకుల మధ్య మోకాళ్లు ముడుచుకుని కూర్చునేది. దీపం వెలిగించుకునేది. గన్ను మోగేది. టక్ అంటే ఇంకో దెబ్బ. టక్‌టక్ అంటే పక్క రివెట్టు. ఇంట్లో పలకరించుకోని మనుషులు రోజంతా అలా మాట్లాడుకుంటూనే ఉండేవాళ్లు.

"మాటల్లేవని చెప్పుకోవడమే గాని, మీ ఇద్దరంత కబుర్లాడుకునేవాళ్లు ఊళ్లో లేరు," అనేవాడు పిచ్చుక భర్త.

అతను ఫ్యాక్టరీ గేటుకి ఎదురుగా కొట్టు పెట్టుకున్న దర్జీ. కంపెనీ ఇచ్చిన పని దుస్తుల్లో పిచ్చుకకు సరిపోయే కొలత లేనే లేదు. చేతులు మడిస్తే కాళ్లు జారేవి, కాళ్లు మడిస్తే నడుము జారేది. బాగుచేయించుకోవడానికి అతని దగ్గరికి వెళ్లింది. అతను బిగించి ఇచ్చాడు. భుజం దగ్గర వదులుగా ఉందని మళ్లీ వెళ్లింది. మోచేయి ఎత్తితే పట్టేస్తోందని మళ్లీ. ఆ తర్వాత ఒకసారి వదిన ఆ దుస్తులను అటూ ఇటూ తిప్పి చూసి, నేరుగా కొట్టుకి వెళ్లి నిలబడింది.

"ఏం తమ్ముడూ, నీకు పని రాక ఇన్నిసార్లు తిప్పుతున్నావా, ఇంకేదైనా ఉద్దేశమా?"

దర్జీ టేపు మెడలోంచి తీసి మళ్లీ మెడలోనే వేసుకున్నాడు. "పనైతే వచ్చండీ," అన్నాడు.

ఆ నెలలోనే పెళ్లి మాటలు నడిచాయి.

ఆ రోజుల్లో ఊరంతా ఫ్యాక్టరీ సైరను మీదే నడిచేది. పాల బండి, బడి గంట, బస్సు వేళలు, అన్నీ దాన్ని చూసుకునే పెట్టుకున్నారు. రొట్టెల కొట్టాయన పొద్దుటి షిఫ్టు కోసం చీకటుండగానే పొయ్యి వెలిగించేవాడు. షిఫ్టు మారే వేళ వీధిలోకి వస్తే వేడి బన్నుల వాసనా, సైకిలు గంటలూ కలిసి వచ్చేవి. పైఅంతస్తులో ఒక గది వేసుకోని ఇల్లు లేదు, కుర్ర ఫిట్టరు ఒకడు అద్దెకి లేని గది లేదు. కళ్లద్దాల కొట్టు వచ్చింది. వాచీలు బాగుచేసేవాడు వచ్చాడు. రేకుల మధ్య పూసే జిగురు మరకలను వదిలించడం ఒక్క లాండ్రీ ఆయనకే చేతనయ్యేది. ఆ విద్య కూతురికి తప్ప ఎవరికీ చెప్పనని భీష్మించుకున్నాడు. పిచ్చుక అన్న గేటు పక్కన సైకిలు స్టాండు పెట్టాడు. వందల సైకిళ్లలో ఎవరిది ఎక్కడుందో చూడకుండా చెప్పేవాడు.

అన్నిటికంటే పెద్ద సందడి రెక్క బయటికి వెళ్లే రోజు. అంత పొడవాటి రెక్కను ఇంకా పొడవాటి బండి మీద పెట్టి, గుడ్డ కప్పి, మనిషి నడిచినంత నెమ్మదిగా ప్రధాన వీధిలోంచి తీసుకెళ్లేవాళ్లు. వీధి వెడల్పు దానికి చాలీచాలకుండా ఉండేది. అందుకే ఆ వీధిలో ఏ కొట్టుకీ కదలని పంచ ఉండేది కాదు. అన్నీ మడిచేసే గుడ్డ పందిళ్లే. ముందు నడిచే మనిషి ఈల వేయగానే ఆ చివర నుంచి ఈ చివర దాకా పందిళ్లు ఒకదాని తర్వాత ఒకటి పైకి లేచిపోయేవి. దర్జీ తన బోర్డుని కొక్కెంలోంచి తీసి చంకలో పెట్టుకునేవాడు. బండి వెళ్లేదాకా ఎవరూ బేరాలు చేసేవాళ్లు కాదు.

"అదుగో, ఆ మడత దగ్గర లోపల కూర్చుని దిమ్మ పట్టింది మా మరదలే," అని వదిన పక్కనున్నవాళ్లకి వేలు పెట్టి చూపించేది. చూపించిన చోట గుడ్డ తప్ప ఏమీ కనబడేది కాదు. అయినా వాళ్లు తలలూపేవాళ్లు.

అలా చాలా ఏళ్లు గడిచాయి. వదిన ఇద్దరు కూతుళ్లు కాలేజీకొచ్చారు. పిచ్చుక జుట్టులో తెల్ల వెంట్రుకలు కనబడ్డాయి. అప్పుడు ఆ కబురొచ్చింది. కొత్త రకం విమానాలకు రెక్కలు రేకులతో కాదు, నారలాంటి దాన్ని పొరలు పొరలుగా పేర్చి పెద్ద పొయ్యిలో ఉడికించి చేస్తారట. అవి ఇంకెక్కడో తయారవుతాయట. పాత రకానివి చేతిలో ఉన్నవి పూర్తవగానే ఈ షెడ్లు మూతపడతాయి.

మొదట ఎవరూ నమ్మలేదు. "నారతో రెక్కలా? అరుగు మీద కూర్చున్నవాడెవడో పుట్టించి ఉంటాడు," అన్నాడు మంగలి. తర్వాత రాత్రి షిఫ్టు తీసేశారు. రొట్టెల కొట్టాయన రెండో పొయ్యి ఆర్పేశాడు. పైగదుల కిటికీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. సైకిలు స్టాండులో ఖాళీ ఎక్కువైపోయి, పిచ్చుక అన్న ఉన్న సైకిళ్లనే దూరం దూరంగా పెట్టి స్టాండు నిండినట్టు చూసుకునేవాడు. చివరికి అదీ ఎత్తేశాడు. రెండిళ్లలో వదిన ఇంటికి ఇక వదిన ఉద్యోగమే ఆధారం.

ఒక్కటే దారి మిగిలింది. రోజంతా రైల్లో వెళ్తే వచ్చే ఇంకో ఊళ్లో అదే కంపెనీకి పాత విమానాల మరమ్మతు షెడ్డు ఉంది. అక్కడికి రివెట్లు కొట్టేవాళ్లను తీసుకుంటారు. అయితే ఒంటరిగా కాదు, జంటలుగా. గన్ను మనిషీ దిమ్మ మనిషీ కలిసి పరీక్షకి కూర్చోవాలి, కలిసి నెగ్గాలి. ఒకరు తప్పితే ఇద్దరూ ఇంటికే.

"మనకి పరీక్షేంటి? వాళ్లే మన దగ్గర నేర్చుకోవాలి," అంది వదిన. ఆ సాయంత్రమే పెట్టెలు దులిపి ఎండలో పెట్టింది.

పిచ్చుక తన కుడిచెయ్యిని పని దుస్తుల జేబులోకి దూర్చుకుంది.

చలికాలం పొద్దుటి పూట ఆ చేతి వేళ్లు కొంతకాలంగా తెల్లగా పాలిపోతున్నాయి. ఇన్నేళ్లు దిమ్మ పట్టి గన్ను అదురునంతా మోసిన చెయ్యి అది. మొదట్లో కాసేపు రుద్దుకుంటే రక్తం తిరిగి వచ్చేది. తర్వాత గంటల తరబడి ఆ వేళ్లు వేరేవాళ్లవి అన్నట్టు ఉండేవి. దువ్వెన జారిపోయేది. గ్లాసు జారిపోయేది. భర్త చూసి, "డాక్టరుకి చూపించు," అంటే, "నీ సూది ఎన్నిసార్లు జారలేదు!" అని దబాయించేది. తను తప్పుకుంటే వదిన ఉద్యోగం పోతుంది. తప్పుకోకపోతే ఏమవుతుందో ఆలోచించడానికి ఆమెకు ధైర్యం చాల్లేదు.

పరీక్ష దగ్గరపడుతుండగా ఒక రోజు ఇద్దరూ మామూలుగా పనిలో ఉన్నారు. గన్ను మోగి ఆగింది. పిచ్చుక రివెట్టు తోక మీద కుడిచేతి వేళ్లు ఆనించి చూసుకుంది. బాగానే ఉన్నట్టుంది. దిమ్మతో రెండుసార్లు తట్టింది.

గన్ను తర్వాతి రివెట్టుకి వెళ్లలేదు. రేకు అవతలి నుంచి చప్పుడొచ్చింది. టక్, టక్, టక్.

ఇన్నేళ్లలో ఎన్నడూ బయటి మనిషి తట్టలేదు. పిచ్చుక ఒక్క క్షణం అది తన దిమ్మ చప్పుడేననుకుంది. తర్వాత దీపం దగ్గరికి లాక్కుని తోకను చూసింది. అది ఒక పక్కకి ఒరిగి వంగిపోయి ఉంది. దిమ్మ వాలుగా పట్టింది. చేతికి తెలియలేదు. కళ్లతో చూడకుండానే రెండు తట్టేసింది, ఇన్నేళ్లూ ఎప్పుడూ వేళ్లనే నమ్ముకుంది కాబట్టి.

ఆమె నెమ్మదిగా దిమ్మ ఎత్తి మూడుసార్లు తట్టింది. వదిన ఆ రివెట్టుని తొలిచి తీసేసింది. ఆ రోజు సాయంత్రం దాకా పిచ్చుక ప్రతి తోకనూ దీపం పెట్టి కళ్లతో చూసి గాని తట్టలేదు. పని సగమే జరిగింది. వదిన ఎందుకని అడగలేదు.

ఇంటికొచ్చాక పెరటి కొళాయి దగ్గర వదిన గిన్నెలు తోముతూ, తలెత్తకుండా అడిగింది. "ఎప్పట్నుంచి?"

"ఏది?"

"ఏదేంటి, చెయ్యి! నా దగ్గరా నీ నాటకాలు?"

పిచ్చుక గట్టు మీద కూర్చుంది. "నీకెలా తెలిసింది?"

"నీ తట్టు మారింది. ఇదివరకు నువ్వు రెండు తడితే తెలిసినవాళ్లు తలుపు తట్టినట్టుండేది. ఈ మధ్య కుంటివాడు మెట్లెక్కుతున్నట్టుంది, ఒకటి గట్టిగా, ఒకటి నెమ్మదిగా. పోయిన చలికాలం నుంచి వింటున్నా. నువ్వే చెప్తావని చూశా."

"మరి ఇన్నాళ్లూ..."

"దిమ్మ వాలితే గన్ను పాట మారుతుంది. నాకు తెలిసిపోతుంది. అప్పుడు ఇంకో దెబ్బ వేసి సరిచేసేదాన్ని. ఇవాళ సరిపడలేదు, అందుకే తట్టా." వదిన గిన్నె బోర్లించింది. "అయితే ఏమైంది? పరీక్షలోనూ అలాగే చేద్దాం. నేను వింటూ ఉంటా. నీ చెయ్యి సంగతి మన ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియక్కర్లేదు."

"పరీక్ష తర్వాత?"

"తర్వాత తర్వాతే!"

"ఆ రెక్కల మధ్య మనుషులు కూర్చుంటారు వదినా. పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు."

కొళాయి ధారగా కారుతూనే ఉంది. పిచ్చుకే లేచి కట్టేసింది.

"రేడియోతో వెళ్లు," అంది.

రేడియో కూడా దిమ్మ మనిషే. వదిన ఈడుది, పిచ్చుకంత కాకపోయినా సన్నటి మనిషి. నోరు మూతపడదు కాబట్టి ఆ పేరు. ఆమె గన్ను జంట ముందే ఉద్యోగం మానేసి వెళ్లిపోవడంతో ఆమె కూడా ఒంటరిగా మిగిలింది.

"దానితోనా!" వదిన గొంతుకి రెండు పెరళ్లూ దద్దరిల్లాయి. "బతుకంతా నీతో చేసి, ఆఖరికి ఆ వాగుడుకాయతోనా? చచ్చినా వెళ్లను. నువ్వు రాకపోతే నేనూ ఇక్కడే ఉంటా, ఇద్దరం కలిసి ఇటుకలు మోద్దాం!"

"పిల్లల చదువులో?"

"నా పిల్లల సంగతి నాకు చెప్పకు!" అని వదిన గిన్నెలన్నీ చంకన పెట్టుకుని లోపలికి వెళ్లి తలుపేసుకుంది. మాటలు ఆగిపోయాయి. ఈసారి తీగ గురించి కాదు కాబట్టి ఎవరికీ నవ్వు రాలేదు.

మర్నాడు పిచ్చుక సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లి చెయ్యి చూపించింది. ఆయన చాలాసేపు ఆ వేళ్లను చూసి, "నాకు ముందే చెప్పాల్సిందమ్మా," అని మాత్రం అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె రెక్కలోకి దూరలేదు. పనిముట్లు తుడిచి సర్దే చోటికి మార్చారు. భోజనాల వేళ మాత్రం పనికిరాని రేకుల మూల రేడియోని నిలబెట్టి సాధన చేయించేది.

"రెండంటే రెండే. నీ నోటిలాగా చేతిని వదిలేస్తే ఎలా? ఇప్పుడు ఎన్ని తట్టావు?"

"రెండేనే. మూడోది చెయ్యి జారి పడింది."

"మూడోది పడితే మంచి రివెట్టు తీసేస్తారు. మళ్లీ తట్టు."

"అబ్బ, నువ్వు మీ వదిన కంటే గయ్యాళివే తల్లీ!"

గన్ను పట్టడానికి మనిషి లేదు కాబట్టి పిచ్చుకే పట్టేది. ఎడమచేత్తో పట్టిన గన్ను రేకు మీద జారిపోయి సొట్టలు వేసేది. ఆ చప్పుడు షెడ్డు ఆ చివరికి కూడా వినబడేది. వదిన దూరంగా కూర్చుని భోజనం చేస్తూ ఒకరోజు విన్నది, రెండోరోజు విన్నది. అదేదో తన పళ్ల మీద ఎవరో గీరుతున్నట్టు మొహం పెట్టేది. మరో రోజు అన్నం గిన్నె మూత పెట్టేసి లేచి వచ్చింది. పిచ్చుక వైపు చూడనైనా చూడకుండా చెయ్యి చాపింది.

"ఇటివ్వు. రేకుల ఉసురు తగులుతుంది."

గన్ను వదిన చేతిలోకి వెళ్లగానే మళ్లీ ఎప్పటి పాటే అందుకుంది. రేకు వెనక రేడియో దిమ్మ పట్టింది. పిచ్చుకకు చేతులు ఖాళీ అయ్యాయి. ఏం చేయాలో తోచక ఎడమ అరచేతిని రేకు మీద ఆనించింది. గన్ను ఆగింది. లోపలి నుంచి తట్టు వచ్చింది. అరచేతికి అది చాలా చిన్నగా, వెచ్చగా తగిలినట్టనిపించింది. ఆమె ఇన్నేళ్లూ లోపల కూర్చుని తట్టింది గాని, ఆ తట్టు బయటికి ఎలా వస్తుందో ఒక్కసారి కూడా ఎరగదు. వదిన రోజూ వింటున్నది ఇదన్నమాట. ఎవరో ఉన్నారని, ఉన్నది ఫలానా మనిషేనని, ఇవాళ ఆ మనిషి ఒంట్లో ఎలా ఉందోనని కూడా తెలిసిపోయేంత దగ్గర చప్పుడు.

ఆమె చెయ్యి తీసేసుకుంది.

కాసేపటికి రేడియో రేకు వెనక నుంచి తల బయటపెట్టింది. "ఇదిగో, ఇంతసేపు ఎవరితోనూ మాట్లాడకుండా నావల్ల కాదు!"

"రివెట్టుతో మాట్లాడు. అది ఎదురు చెప్పదు. నీకలాంటివాళ్లే కావాలిగా!" అంది వదిన.

పరీక్ష రోజు సూపర్‌వైజరు జంటల్ని పిలిచినప్పుడు వదినా రేడియో ముందుకొచ్చారు. పిచ్చుక నేల మీద గీసిన పసుపు గీతకి ఇవతల, ఇంటికి వెళ్లిపోయేవాళ్లతో కలిసి నిలబడింది. గన్ను మోగినంతసేపూ ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఒకటి. ఒకటి. రెండు. ఒకచోట మూడు వచ్చింది. వదిన ఆ రివెట్టు తీసి కొత్తది పెట్టింది. అది నిజంగానే పాడైందని తర్వాత తెలిసింది. రేడియో దాచకుండా చెప్పినందుకే మార్కు పడి జంట నెగ్గిందని కూడా తెలిసింది. బయటి ఊరి నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు దీపం పట్టుకుని అటూ ఇటూ చూసి, "ఈ జంట ఎన్నేళ్ల నుంచి కలిసి చేస్తోంది?" అని అడిగాడు.

వదిన పసుపు గీత వైపు చూసింది. నోరు మూతపడని రేడియో కూడా అటే చూసింది.

చివరి రెక్క వెళ్లిన రోజు ఎండ బాగా కాసింది. ఈల వినబడగానే పందిళ్లు లేచాయి. దర్జీ బోర్డు చంకలో పెట్టుకున్నాడు. మూసేసిన కొట్ల వాళ్లు కూడా వచ్చి మూసిన తలుపుల ముందు నిలబడ్డారు. వదినా పిచ్చుకా రొట్టెల కొట్టు ముందు పక్కపక్కనే ఉన్నారు. వదిన ఈసారి వేలు పెట్టి ఎవరికీ ఏమీ చూపించలేదు. బండి మలుపు తిరిగింది. పందిళ్లు దించడానికి చాలామందికి చేతులు రాలేదు. మరుసటి ఏడాది రొట్టెల కొట్టాయన ముందుకు చొచ్చుకొచ్చేలా సిమెంటు పంచ పోయించాడు. వానకి తడవకుండా బాగుందని అందరూ అన్నారు. తర్వాత అందరూ పోయించుకున్నారు.

వదిన వాళ్లు బయల్దేరిన పొద్దున పిచ్చుక భర్తతో కలిసి స్టేషనుకి వెళ్లింది. అన్న పెట్టెలు లెక్కపెట్టుకుంటున్నాడు. రేడియో అప్పుడే రైలుపెట్టెలోని సగం మందితో చుట్టరికం కలుపుకుంది. వదిన కిటికీ దగ్గర కూర్చుంది.

"డాక్టరుకి చూపించు," అంది రైలు కదలబోతుండగా.

"చూపిస్తాలే."

"చూపిస్తాలే కాదు. తమ్ముడూ, నువ్వు తీసుకెళ్లు దీన్ని. ఇది చెప్తే వినదు." తర్వాత మెడ బయటపెట్టి, "తీగంతా నీదే ఇక. బట్టలు ఎండకి వేసి మర్చిపోకు," అంది.

"నువ్వు దానితో పోట్లాడకు," అంది పిచ్చుక.

"ఎవరితో?"

"రేడియోతో."

"అది నాకు సరిపోదు పోట్లాడ్డానికి," అని వదిన మొహం లోపలికి తిప్పేసుకుంది.

ఫ్యాక్టరీ షెడ్లలో ఇప్పుడు పార్శిళ్లు సర్దే గోదాము ఉంది. అందులో పనిచేసేవాళ్లు బయటి ఊళ్ల నుంచి బస్సుల్లో వచ్చి బస్సుల్లోనే వెళ్లిపోతారు. కళ్లద్దాల కొట్టు లేదు. లాండ్రీ ఆయన కూతురు ఆస్పత్రి దుప్పట్లు ఉతుకుతోంది. వదిన పెద్ద కూతురు టీచరైంది, చిన్నది ఇంకా చదువుతోంది. వదిన అక్కడ కొత్తగా చేరినవాళ్లకు గన్ను పట్టడం నేర్పుతోంది. రేడియో ఆమెతోనే ఉంది.

పిచ్చుక భర్తతో పాటు దర్జీ కొట్లో కూర్చుంటుంది. బడి పిల్లల యూనిఫారాలకు కొలతలు తీసి, ఎడమచేత్తో గుడ్డ కత్తిరిస్తుంది. డాక్టరు చెప్పిన ప్రకారం చలికాలంలో కుడిచేతికి ఉన్ని తొడుగు వేసుకుంటుంది. ఆదివారం ఆదివారం వదిన ఫోన్ చేస్తుంది. పోట్లాట వచ్చేదాకా మాట్లాడుకుంటారు.